పైకప్పు లేని సభలు

పగటి యెండకు తలుపులు మూసికొను సీమ, రాత్రి చల్లబడగనే పాటకు, పద్యమునకు, తత్త్వమునకు చెవి యొగ్గును. కర్నూలు, కడప మండలముల ఆరుబయటి గోష్ఠులను గూర్చి ఈ వారపు ముఖచిత్ర కథనము.

సంవత్సరమున 600 నుండి 700 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొని, చైత్రము మొదలు జ్యేష్ఠము వరకు 40 డిగ్రీలు దాటిన యెండలో నాపరాతి నేలలును, నల్లరేగడి చేలును ఒక్కతీరున సెగలు గ్రక్కుచుండ, పగలెల్ల నీడ వెదకికొనుటయే పనిగా బ్రదుకు కర్నూలు, కడప సీమలలో సంగీత సాహిత్యములకు అనువైన వేళ యేదని యెవరైన నడిగినచో, ప్రొద్దు గ్రుంకి, పశువులు కొట్టములు చేరి, సంగటియో జొన్నరొట్టెయో తిని జనులు వీథిలోనికి వచ్చు వేళయే యని తడుముకొనక చెప్పవచ్చును.

ఈ మండలముల సంస్కృతిచరిత్ర వ్రాయబూనినవారు శాసనములను, రాజాస్థానములను, ముద్రితగ్రంథములను వెదకుట వాడుక. అది యుక్తమే. కృష్ణదేవరాయలు 1509 నుండి 1529 వరకు ఏలిన కాలమున భువనవిజయమునకు దక్కిన కీర్తిని కాదనువారెవరు? అయితే అట్టి సభలకు ద్వారపాలకులుండిరి. లోనికి పోవుటకు పాండిత్యమో పదవియో కావలెను. ద్వారమే లేని సభ మరియొకటి ఇదే సీమలో, ఊరూర, రాత్రివేళ ఆరుబయట జరుగుచు వచ్చినది. దానికి టిక్కెట్టు లేదు, ఆహ్వానపత్రిక లేదు, అధ్యక్షోపన్యాసము లేదు. పాడువాడు కొంతసేపటికి వినువాడగును. వినువాడు గొంతు సవరించుకొని పాడువాడగును. రాజాస్థానములు కూలినను ఈ సభ కూలకుండుటకు ఆ తారుమారే కారణమని మా యభిప్రాయము.

మిద్దె, అరుగు, కట్ట

ఈ గోష్ఠులకు సగము కారణము సీమలోని యింటికట్టుబడిలోనే కలదు. వాన తక్కువ గనుక ఇచ్చట వాలుకప్పుల యవసరము తక్కువ. దూలములపై కట్టెలు పరచి, మట్టి మెత్తి చదును చేసిన మిద్దెలే పూర్వము పల్లెలలో నెక్కువ. పగలెల్ల కాగిన యింటిలోపల నిదుర పట్టని వేసవి రాత్రులయందు ఆ మిద్దెయే పడకటిల్లును, ముచ్చటలకు చావడియు నగును. ఒక మిద్దె నానుకొని మరియొక మిద్దె యుండుటచే, ఒకచో నెత్తుకొన్న పల్లవికి నాలుగిండ్ల యవతలి నుండి వంత వినబడుట వింత కాదు.

మిద్దె దిగిన అరుగు. ఎఱ్ఱగుంట్ల, బేతంచెర్ల ప్రాంతములలో నేలను త్రవ్విన దొరకు నాపరాతి పలకలను ఇంటి ముంగిట పరచి, సాయంకాలము వానిపై నీళ్లు చల్లి, వేడి చల్లారిన పిదప కూర్చుండుట ఇచ్చటి యలవాటు. అరుగు దాటిన ఊరి నడుమ వేపకో రావికో చుట్టును రాళ్లు పేర్చిన కట్ట. పగలు ఆ కట్టమీదనే తగవులు తీర్తురు. రాతిమీద గీతలు చెక్కి పులిజూదమాడుదురు. రాత్రి అచ్చటనే తాళములు మ్రోగును. ఒక్క చోటే న్యాయస్థానమును, క్రీడాస్థలమును, సంగీతశాలయు నగుటచే కళకు వేరుగా వేదిక కట్టవలసిన ఖర్చు పల్లెకు తప్పినది. కరవుసీమలో కళ నిలిచిన మర్మము కొంత ఈ పొదుపులోనే కలదు.

స్త్రీల గోష్ఠికి కట్ట యక్కరలేదు. విత్తనమునకై చెనిక్కాయలు ఒలుచు దినములలో నలుగురు పొరుగిండ్లవారు ఒక పెరటిలో చేరిన చాలును. చేతులు పనిలో నుండ, గొంతులు పాటలో నుండును. ధనుర్మాసమున గొబ్బిపాట, ఫాల్గుణపు వెన్నెలలో జాజరపాట, తొట్టి యూపుచు లాలిపాట ఈ విధముగ ఏడాది పొడుగునను ఋతువున కొక పాట కలదు. 1408లో రాజంపేట చేరువనున్న తాళ్లపాకలో జన్మించి, 1503 వరకు జీవించిన అన్నమాచార్యులు ఏల, జాజర, గొబ్బి, సువ్వి, లాలి మొదలగు ఈ జానపదరీతులనే గ్రహించి సంకీర్తనములుగా మలచెను. ఆయన 32,000 సంకీర్తనములు రచించెనని ప్రసిద్ధి. రాగిరేకులమీద దొరికినవి 12,000కు పైగా గలవు. నేడు కచ్చేరీలలో పండితులు పాడు ఆ కీర్తనములలో కొన్నింటి నడక తొలుత పల్లెపెరటిలో పుట్టినదను సంగతిని మనము మరువరాదు.

గజ్జె కట్టిన రాత్రులు

ఆరుబయటి గోష్ఠులలో నేటికిని ఎక్కువ బలము గలది భజన. “ఈ పొద్దు రాములగుడికాడ భజన ఉండాది, రాండబ్బా” యను పిలుపు వినని సీమపల్లె యరుదు. శనివారపు భజన, ధనుర్మాసపు వేకువ సంకీర్తన, ఒక పగలు నొక రాత్రి యెడతెగక నామము చెప్పు ఏకాహము, ఏడు దినముల సప్తాహము ఇవి కూర్చుండి చేయునవి. హార్మోనియమును, డోలకును, తాళములును చాలును. కంఠము బాగుండుట మంచిదే కాని, బాగుండకున్నను త్రోసివేయరు.

నిలుచుండి, తిరుగుచు చేయునది చెక్కభజన. కొయ్యచెక్కలలో ఇత్తడి బిళ్లలమర్చి, వానిని చేత బట్టి మ్రోయించుచు, కాళ్లకు గజ్జెలు, నడుమునకు దట్టి కట్టి, గురువు చుట్టును వలయముగ నిలిచి అడుగు వేయుదురు. గురువు చరణ మెత్తుకొనును. బృందము తిరిగి యందుకొనును. పాట ముగియుకొలది లయ పెరిగి, అడుగు త్వరపడి, తుదకు చెక్కల మ్రోతయే పాటయగును. వ్యవసాయపు పనులు తగ్గిన నెలలలో పల్లెయువకులు చందాలు వేసికొని పొరుగూరి గురువును పిలిపించి, రాత్రుళ్లు వీథిదీపము క్రింద అడుగులు నేర్చుకొందురు. విద్య పట్టువడిన పిదప గజ్జెపూజ చేసి ఊరి యెదుట తొలిసారి ఆడుదురు. పగలు కూలికి పోవువాడు రాత్రి శిష్యుడగుట, నిరక్షరుడైన గురువు రామాయణమంతయు నోటనుండి నోటికి అప్పగించుట యనునవి ఈ పద్ధతిలో సహజములు. పండరిభజన, కోలాటము దీనికి తోబుట్టువులు.

పురాణమొక్కటియే ఈ వలయములలో వినబడునని తలపవలదు. 1846లో కుంఫిణీ ప్రభుత్వముపై తిరుగబడి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథను సీమ జనులు పాఠ్యపుస్తకమున చదివి నేర్వలేదు. ప్రజలు భయపడవలెనని ప్రభుత్వము అతని శిరస్సును ఏండ్ల తరబడి కోటయందు వ్రేలాడగట్టగా, భయమునకు మారుగా పాట పుట్టినది. 2019లో చలనచిత్రము రాకమునుపు నూరేండ్లకు పైగా ఆ వీరుని బ్రదికించినది ఆ పాటయే. అదే యుయ్యాలవాడలో కరవునాట వేలమందికి అన్నము పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి దాతృత్వమును గూడ పాటయే భద్రపరచినది. కత్తి పట్టినవానికిని, అన్నము పెట్టినవానికిని సీమ సమానముగ పాట కట్టినది.

ఏకతార, పీర్లగుండము, ఖవ్వాలి

బనగానపల్లె రవ్వలకొండలోను, కడప మండలమున కందిమల్లయపల్లెలోను సంచరించిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి 17వ శతాబ్దమున చెప్పిన తత్త్వములు ఏకతారపై, తంబురపై, ఒక్కొక్కచో ఏ వాద్యమును లేకయే వెన్నెలలో నేటికిని వినవచ్చుచున్నవి. కులమును, ఆడంబరమును నిలదీసిన ఆ మాటలు గుడిలోపల కంటె ఆరుబయటనే యెక్కువగా పలికినవనుట ఉచితము. ఆయన ప్రియశిష్యుడు సిద్ధయ్య దూదేకుల కులమున పుట్టినవాడు. గురుశిష్యుల సంవాదముగ నడచు తత్త్వములను హిందువులును, దూదేకులవారును కలిసి పాడుట ఈ సీమకు క్రొత్త గాదు.

మొహరమునాట పీర్లచావడి యెదుట గుండము త్రవ్వి, కట్టెలు పేర్చి నిప్పంటించి, దానిచుట్టు తిరుగుచు జనులు పాడు పాటలలో కర్బలా వీరుల గాథ తెలుగుపదములలోనే సాగును. తప్పెట పట్టినవాడు మాదిగపేటవాడు, పీరు నెత్తినవాడు ముసల్మాను, మ్రొక్కు చెల్లించువాడు కాపు. ఎవరి పండుగ యిదియని యడుగుట ఆ రాత్రికి అనవసరము. కడప నగరమున పెద్ద దర్గాయని ప్రసిద్ధమైన అమీన్ పీర్ దర్గాలో ఉరుసు వేళ ఖవ్వాలి తెల్లవార్లు సాగును. ఉర్దూ కవులు ముషాయిరాలో గజళ్లు చదువుదురు. చరణము నచ్చినచో “వాహ్” యను శ్రోతకును, చెక్కభజనలో “మళ్లీ అందుకో అన్నా” యను శ్రోతకును భాషలో భేదమున్నదే కాని రసజ్ఞతలో లేదు.

పండితుని పద్యము, పామరుని చెవి

ఈ సీమలో పండితకవిత్వము సయితము నాలుగు గోడలనడుమ నిలువలేదు. ప్రొద్దుటూరు నివాసముగా చేసికొన్న పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) అచ్చటి అగస్త్యేశ్వరాలయమున ప్రదక్షిణములు చేయుచు శివతాండవమును కట్టిరని ప్రతీతి. నడకతో పుట్టిన ఆ కావ్యమున నడక యుండుటలో ఆశ్చర్యము లేదు. ఆచార్యులవారు దానిని సభలలో తాళముతో పాడగా, సంస్కృతసమాసముల యర్థము తెలియని శ్రోత కూడ లయకు తల యూపెను. అదే యూర దుర్భాక రాజశేఖర శతావధానియు (1888–1957), గడియారం వేంకటశేషశాస్త్రియు (1894–1980) జంటకవులై అవధానములు చేసిరి. మొదటివారు రాణాప్రతాపసింహచరిత్రమును, రెండవవారు శివభారతమును రచించి, స్వాతంత్ర్యోద్యమకాలమున వీరరసమునకు పద్యమును వాహనము చేసిరి.

అవధానము పండితక్రీడయే. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి మొదలగు ఎనిమిది దిక్కుల ప్రశ్నలకు ధారణ చెడక పద్యరూపమున బదులు చెప్పుట సామాన్యుని పని గాదు. అయినను బండి కట్టుకొని వచ్చి, గుడియావరణమున చాపపరచుకొని, అవధాని ఏ పాదమున తడబడునోయని కనిపెట్టియుండు రైతు శ్రోతలుండబట్టియే ఆ విద్య సీమలో వేళ్లూనినది. అప్రస్తుతప్రసంగము వేళ పండితునితోపాటు నవ్విన పామరుడు ఇంటికి పోవుచు సమస్యాపాదమును వల్లె వేసికొనును.

ఒంటిమిట్టను గూర్చి వేరుగా చెప్పవలెను. అచ్చటి కోదండరామాలయము జీర్ణించియుండగా, జమ్మలమడుగున పుట్టిన వావిలికొలను సుబ్బారావు (1863–1936) టెంకాయచిప్ప చేతబట్టి ఊరూర తిరిగి విరాళము లెత్తి దానిని నిలబెట్టెను. వాల్మీకి రామాయణమును తెలుగు చేసి ఆంధ్రవాల్మీకి యనిపించుకొనెను. పోతన నివాసమును గూర్చి పండితుల వాదము లెట్లున్నను, శ్రీరామనవమినాడు పోతన జయంతి జరిపి కవిసమ్మేళనము పెట్టుట ఆ యూరి యాచారము. తక్కిన యూళ్లలో పగలు జరుగు సీతారామకల్యాణము ఇచ్చట చైత్ర శుద్ధ చతుర్దశి రాత్రి నిండువెన్నెలలో జరుగును. 2014లో రాష్ట్రము విడిపోయిన పిదప దీనినే ప్రభుత్వము రాష్ట్రోత్సవముగ జరుపుచున్నది.

పద్యనాటకము మాట వదలరాదు. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ (1880–1946) పట్టణరంగస్థలమును వెలిగింప, పల్లె తిరునాళ్లలో హరిశ్చంద్రుని కాటిసీను, రామాంజనేయయుద్ధము రాత్రి తొమ్మిదింట మొదలై కోడికూయువరకు సాగినవి. రాగము తీసిన నటునకు ‘వన్స్ మోర్’ చెప్పు హక్కు నేలమీద కూర్చున్నవానిదే. ఆ హక్కును ఏ విమర్శకునికిని అతడు అప్పగింపలేదు.

బ్రహ్మపుత్రాతీరమున నిట్టిదే

ఈ వ్యవహారము మన సీమ కొక్కదానికే చెందినది కాదు. దేశమునకు ఈశాన్యమున, వానకు కొదువ లేని అస్సాములో, వైశాఖారంభమున రొంగాలి బిహు వచ్చినంతనే యువతీయువకులు పొలముల చెంత చెట్లక్రింద చేరి డోలు, ఎనుబోతు కొమ్ముతో చేసిన పెంపా మ్రోయించుచు పాడుదురు. హుసోరి బృందములు ఇంటింటి ముంగిట పాడి, గృహస్థు నాశీర్వదించి పోవును. అన్నమయ్య జీవితకాలముననే 1449లో జన్మించిన శంకరదేవుడు నెలకొల్పిన సంప్రదాయమున ఊరూర వెలసిన నామ్‌ఘర్ మన రాములగుడివలెనే భజనమందిరమును, నాటకశాలయు, ఊరి పంచాయతీయు నగుట గమనింపదగినది. అచ్చట నదీజలము పొంగిపొరలును. ఇచ్చట పెన్న ఇసుక మేటలు వేయును. అయినను జనులు రాత్రి కూడి పాడుటలో తేడా లేదు. గౌహతిలో 1952 నుండి లతాశిల్ మైదానమున బిహును వేదికమీది కెక్కించిరి. వేలమందికి వినబడుట లాభము, పాడువానికిని వినువానికిని నడుమ మెట్లు వచ్చుట నష్టము. మనకును ఆ లాభనష్టములు రెండును పట్టినవి.

కట్టమీద ఎవరు కూర్చుండిరి?

గతమును పొగడునప్పుడు దాని కొఱత దాచుట న్యాయము గాదు. ఊరికట్ట అందరిదని యందుము. నిజమునకు దానిమీద కూర్చుండు హక్కు అందరికిని లేకుండెను. తప్పెట లేనిదే పండుగ లేని యూళ్లలో తప్పెటవాడు దూరమున నిలిచియే వాయించెను. స్త్రీలు గోడచాటున వినిరే కాని నడివీథి గోష్ఠిలో నోరు విప్పుట అరుదు. పాతకక్షలు చెలరేగిన దశాబ్దములలో కొన్ని యూళ్లు సూర్యాస్తమయమునకే తలుపులు బిగించుకొనెను. చీకటి పాటకు గాక భయమునకు నెలవయ్యెను. వానలు తప్పిన యేట పశ్చిమ కర్నూలు పల్లెలనుండి కుటుంబములు మిరపకోతకు గుంటూరికి, కట్టడపుపనులకు బెంగుళూరికి తరలిపోగా, భజనబృందమున తాళము పట్టువాడు కూడ మిగులని యూళ్లు కలవు.

అయితే మార్పంతయు చెడుగు కాదు. దళితవాడలలో రాములగుళ్లు వెలసి, అచ్చటి యువకులే చెక్కభజన గురువులగుట మనము చూచుచున్నాము. కోలాటమున ఇప్పుడు స్త్రీల బృందములే ముందున్నవి. ఒక్కతీరు చీరలు కట్టి, తిరుమల తిరుపతి దేవస్థానముల దాససాహిత్య ప్రాజెక్టు ద్వారా కొండమీద ఆడివచ్చిన పల్లెటూరి గృహిణులు ఊరి నడివీథిలో పాడుటకు ఇక సంకోచింపరు. 1963లో వెలసిన కడప ఆకాశవాణి కేంద్రము సీమ గొంతును ఇంటింటికి చేర్చినది. నేడు చేతిలోని ఫోను దానిని సముద్రములు దాటించుచున్నది. గోష్ఠికి నిజమైన శత్రువు యంత్రము గాదు, చెవులు చిల్లులు పడు డీజే మ్రోతయు, తావు లేకపోవుటయు మాత్రమే. సిమెంటు రోడ్డు వెడల్పుకై కట్టలు కొట్టివేసిరి. మట్టిమిద్దెలు పోయి, వాటిచోట లేచిన స్లాబుమీద నీళ్లట్యాంకియు, డిష్ గొడుగును నిలిచినవి.

వినదలచినవారికి

సంక్రాంతి మరునాడు కనుమతో మొదలై దాదాపు 40 దినములు అహోబిల నరసింహుని పల్లకి పారువేటకై 30కి పైగా గ్రామములు తిరుగును. పల్లకి దిగిన యూర ఆ రాత్రి పండుగ. శ్రీరామనవమికి ఒంటిమిట్టలో కవిసమ్మేళనము, తరువాతి చతుర్దశి రాత్రి కల్యాణము. వైశాఖ శుద్ధ దశమికి బ్రహ్మంగారి మఠమున ఆరాధన. తత్త్వములు వినుటకు అంతకంటె మంచి తావు లేదు. కడప పెద్ద దర్గా ఉరుసు చాంద్రమానము ననుసరించును గనుక తేదీ యేటేట మారును. ఇక శనివారపు భజనకు ప్రయాణమే యక్కరలేదు.

చేయవలసినది

ఈ కళల నుద్ధరించుటకు బంగారుపతకములును, శాలువలును చాలవు. అవి అవసరమును గావు. పంచాయతీలు ఊరి నడుమ ఒక చెట్టును, దానిచుట్టు కట్టను రోడ్డు కొలతలనుండి మినహాయింపవలెను. ఆ కట్టపై కూర్చుండుటకు కులము నడుగరాదు. రాత్రి పదింటి వరకు ఆ తావున శబ్దయంత్రములను నిషేధింపవలెను. పాఠశాలలు వార్షికోత్సవమున సినిమాపాట పెట్టుటకు ముందు ఆ యూరి చెక్కభజన గురువును వారమున కొక్కసారి పిలిచి, పిల్లలకు నాలుగడుగులు నేర్పింపవలెను. విశ్వవిద్యాలయముల జానపదశాఖలు పరిశోధనకై సేకరించిన పాటలను బీరువాలలో దాచక, పాడినవారి యూళ్లకే తిరిగి వినిపింపవలెను.

పాఠకుడు చేయదగిన పని ఇంకను చిన్నది. ఈ వేసవి సెలవులకు మీ యూరికి పోయినప్పుడు, రాత్రి భోజనానంతరము టీవీ కట్టివేసి, ఇంటిలోని అవ్వనో, వీథిలోని భజన గురువునో ఒక్క పాట పాడమని యడుగుడు. అడిగినవారికి లేదనువారు సీమలో అరుదు, అడుగువారే తగ్గిరి.